వంకర ముడి

గాంబో నా మేనమామ కొడుకు. మా హౌసా తెగలో మేనబావలు ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. "నా బానిసా" అని పిలుచుకోవచ్చు, పండగపూట అవతలివాడి టోపీ లాక్కుపోవచ్చు. చూసేవాళ్ళు నవ్వాలి, పోగొట్టుకున్నవాడూ నవ్వాలి. ఇరవై ఏళ్ళుగా వాడి మీద నా ఏడుపంతా ఈ సరసం చాటునే సాగింది.

వాడు బొమ్మలు వేస్తాడు. ఏం బొమ్మలు? మా జారియా పాతబస్తీ మట్టి గోడలు. అంటే నేను కట్టినవి! మోకాళ్ళ దాకా దిగి మట్టి తొక్కింది నేను, ఏటేటా నిచ్చెనెక్కి మెత్తింది నేను. నా గోడ పక్కనుంచి జనం ఉమ్మేసుకుంటూ పోతారు. అదే గోడను వాడు గుడ్డ మీద గీస్తే లాగోస్ నుంచి కార్లేసుకుని వచ్చి నోరు వెళ్ళబెట్టి చూస్తారు. కడుపు మండదా మరి?

మా పేట పెద్ద ఇరో ఇంటి ముందుగోడ మా నాన్న మొదలుపెట్టిన ఆఖరి పని. తలవాకిలికి రెండు వైపులా, తాడు పాయలు అల్లినట్టు మట్టితో తీర్చిన ఉబ్బెత్తు ముడుల వరసలు, సగం ఆయనవి, సగం నావి. మంచం పట్టిన ఆయన పోయాడని కబురు వచ్చేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. అప్పుడు చేతిలో ఉన్న ముడి వంకర పోయింది. పైనుంచి పోవలసిన పాయ కిందనుంచి పోయింది. నేను సరిచెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఆ తప్పు ఎవరి కంటా పడలేదు.

పండగ ముందు ఇరో పిలిపించాడు. ఈ ఏటి మెత్తుడుకేమో అనుకుని సంబరంగా వెళ్ళాను.

"బరావూ, ఈ గోడ కొట్టేసి సిమెంటుది కట్టిస్తున్నానయ్యా. ఏటేటా ఈ మట్టి బాధ నావల్ల కాదు."

"పెద్దయ్యా, ఇది మా నాన్న చేతి పని..."

"తెలుసులేవయ్యా. ఊరికే పోగొట్టుకుంటానా? గాంబో చేత బొమ్మ వేయిస్తున్నా. పండగనాడు తెస్తాడు. అది ఇంట్లోకి వచ్చాకే గోడ మీద పలుగు పడేది, సరేనా?"

ఇన్నాళ్ళూ నా పేరు తిన్నవాడు, ఇప్పుడు నా గోడనే తినబోతున్నాడు.

పండగనాడు నమాజు అయ్యాక ఇరో వాకిట్లో పేటంతా చేరింది. గాంబో పొడుగాటి నీలం అంగీ తొడుక్కుని బొమ్మ తెచ్చి ముసుగు తీశాడు. "అబ్బ, అచ్చం గోడే!" అన్నారంతా. అసలు గోడ వాళ్ళ వీపుల వెనకే ఉంది.

"దొంగవెధవా! నా గోడలు ఎత్తుకుపోయి బతుకుతున్నావు. జన్మలో ఒక్క ముద్ద మట్టి పిసికావురా?" అని అరిచాను. సరసానికి కాదు, నిజంగానే అన్నాను. వాకిలంతా ఘొల్లున నవ్వింది.

"నా బానిసకి ఇవాళ మాంసం ముక్క అందినట్టు లేదు. ఎవరన్నా పెట్టండమ్మా," అన్నాడు గాంబో.

ఇంకా నవ్వారు. నా తిట్టుకు కూడా విలువ లేకుండా చేశాడు. ఒక్క ఉదుటున వెళ్ళి బొమ్మను చంకన పెట్టుకున్నాను.

"బావ సొమ్ము నా సొమ్ము! ఇది నా పండగ వాటా!"

ఇరో లేచాడు. "ఏయ్, అది నాదయ్యా!"

"ఇంకా మీ చేతికి రాలేదుగా పెద్దయ్యా," అంది ఒక ముసలమ్మ, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ. "మేనబావల మధ్య ఎవరన్నా వేలు పెడతారా?"

ఇరోకీ నవ్వక తప్పలేదు.

ఇంటికొచ్చి బొమ్మను పెరటి గోడకు ఆనించి, తొక్కి ఉంచిన మట్టి దోసెడు తీశాను. మొత్తం మెత్తేద్దామనే. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే, ఎడమ వైపు, పైనుంచి నాలుగో వరసలో కనబడింది. వంకర ముడి. పాయ కిందనుంచే పోయింది.

"మెత్తితే మెత్తావు గానీ, దొరావా కాయ తొక్కల నీళ్ళు కలుపు. లేకపోతే తొలి వానకే రాలిపోద్ది." గుమ్మంలో గాంబో.

"ఈ ముడి తప్పురా. ఎందుకేశావు?"

"నువ్వు ఏడుస్తా వేసిన ముడి. కబురు తెచ్చి నిచ్చెన కింద నిలబడింది నేనే కదా బావా."

దోసిట్లో మట్టి మళ్ళీ కుప్పలో వేసేశాను.

"మీ నాన్న దగ్గర మూడ్రోజులు పని నేర్చుకున్నా, గుర్తుందా? నేను కొట్టిన మట్టి గోడ మీద నిలవలా. నీకు చెయ్యి లేదు, పోరా అన్నాడు మామయ్య. అప్పట్నుంచీ నీ గోడ కనబడితే చాలు, నాకు ఒకటే ఏడుపు. గీసుకోక ఏం చెయ్యమంటావు?"

నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. మేమూ నవ్వలేదు.

బొమ్మ నేను తిరిగి ఇవ్వలేదు. ఇంకొకటి వెయ్యమని ఇరో అడిగితే, మొదటిది నా బానిస దగ్గరుంది, అది తెచ్చుకోండి అన్నాడట గాంబో. ప్రతి శుక్రవారం ఇరో ఎదుటే "నా బొమ్మ ఇవ్వరా" అని నా మీదికి వస్తాడు. నేను ఛీ పొమ్మంటాను. పేట నవ్వుతుంది. బొమ్మ ఇరో ఇంట్లోకి రాలేదు, పలుగు పడలేదు. ఈ ఏడూ ఆ గోడను నేనే మెత్తాను.

నా ఏడుపు పోయిందా అంటే, లేదు. బొమ్మను రోజూ చూస్తున్నాను. ఆ వంకర ముడి నేను గోడ మీద వేసినదానికంటే వాడు గుడ్డ మీద వేసిందే బాగుంది.