సబ్బు బస్తాల గదిలో క్లాసు

దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ ఇంకా పూర్తిగా ఆగనేలేదు, తడి దుప్పట్ల బండ్లు ఎక్కడివక్కడ వదిలేసి ఇరవై రెండు మంది ఆడవాళ్లు సబ్బు బస్తాల గదిలోకి పరుగుతీశారు. అన్నానికి అరగంట. అందులో ఇరవై నిమిషాలు ఇంగ్లీషు వ్యాకరణానికి పోతుంది. మిగిలిన పదిలో తింటారో, కాళ్లు చాపుకుంటారో వాళ్లిష్టం. యాజమాన్యానిది అంత పెద్ద మనసు మరి!

ఆ లాండ్రీకి పెద్ద హోటళ్ల బట్టలొస్తాయి. పనివాళ్లకి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయడం రావాలని హోటళ్లవాళ్లు షరతు పెట్టారట. మొదటి మెట్టు అయింది. ఇప్పుడు రెండో మెట్టు, నేర్చుకున్నదంతా మళ్లీ తిరగెయ్యడం. పరీక్ష పాసైతే రోజుకూలి మూడొందల ఎనభై నుంచి నాలుగొందల ఇరవై అవుతుంది. తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకే ఇంటి కోడళ్లు ఇద్దరు అక్కడ పనిచేస్తారు. వాళ్లలో చిన్నకోడలు బస్తా మీద కూలబడింది. క్లాసులో అందరికంటే చురుకైనది ఆమే. పక్క బస్తా ఖాళీగా ఉంది. అది ఆమె తోటికోడలు కూర్చునే చోటు. తొమ్మిది రోజుల క్రితం రోలర్ పెద్దకోడలి కుడిచేతిని మోచేతి దాకా లాగేసుకుంది. ఆ ఇద్దరికీ పొయ్యి దగ్గర క్షణం పడేది కాదు. ఉప్పు డబ్బా కోసం వారం రోజులు మాటలు మానేసిన మనుషులు. ఇప్పుడు చిన్నామే పెద్దామెకి తల దువ్వుతోంది, ముద్ద కలిపి పెడుతోంది, తిట్టుకుంటూనే. పోయిన చేతికి పరిహారం వస్తుందో రాదో ఈ సోమవారం లేబర్ ఆఫీసులో తేలాలి.

“ఇవాళ భూతకాలం తిరగేద్దాం,” అంటూ టీచరమ్మ అచ్చు కాగితాలు పంచింది. “ఈసారి వాక్యాలు ఆఫీసువాళ్లే ఇచ్చారు. మీ పని గురించైతే బాగా గుర్తుంటాయట. క్రియలు మార్చి మళ్లీ రాయండి. కింద పేరు, తేదీ, సంతకం మామూలే.”

రెండు నెలలుగా ప్రతి కాగితానికీ అలాగే సంతకం పెడుతున్నారు, బడిపిల్లల్లా, మార్కుల కోసం. కలాలు గరగరలాడాయి. క్లాసు మొహం ఎన్నడూ చూడని సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“తొందరగా కానివ్వండమ్మా,” అని నవ్వాడు. మడతలు పెట్టే ముసలమ్మ ఆ నవ్వు వైపు అనుమానంగా చూసింది.

మిగతావాళ్లు సంతకాలు చేసి కాగితాలు టీచరమ్మకి ఇచ్చేసినా, చిన్నకోడలు క్రియలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది. టీచరమ్మ తొంగిచూసి, “భలే, ఒక్క తప్పూ లేదు! ఏదీ, పైకి చదివి అర్థం చెప్పు,” అంది.

“షి రిమూవ్డ్ ద కవర్,” ఠీవిగా చదివింది చిన్నకోడలు. “ఆమె రోలర్ మీది రేకు తీసేసింది. మేము వద్దన్నాము. ఆమె... వినలేదు.”

ఆమె వేలు మళ్లీ మొదటి వాక్యం మీదికి వెళ్లింది. క్రియలు దిద్దుకునే ధ్యాసలో పడి ఎవరి గురించి రాస్తున్నారో ఇరవై రెండు మందిలో ఒక్కరూ చూసుకోలేదు. చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఉండే ఆ రేకు తీసిందెవరో అందరికీ తెలుసు. పని జోరందుకోవడం లేదంటూ నెల క్రితం స్పానర్ పట్టుకొచ్చి ఊడదీసినవాడు ఆ గుమ్మంలోనే ఉన్నాడు.

“ఇది మా అక్క గురించి కదా?” అంది చిన్నకోడలు.

“అబ్బే, ఊరికే అభ్యాసం...” అనబోయి టీచరమ్మ కాగితం వైపు మళ్లీ చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

“రాసినవి ఇలా తెండి,” అన్నాడు సూపర్‌వైజరు.

“క్లాసు కాగితాలు నీకెందుకయ్యా?” అంది ముసలమ్మ.

“నాక్కాదు. పైన కంపెనీ వకీలుగారు అడిగారు, సోమవారానికి.”

చిన్నకోడలు కలం బస్తా మీద పెట్టేసింది. లేచి నిలబడింది.

“నేను సంతకం పెట్టను.”

“పరీక్ష తప్పుతావ్.”

“తప్పనీ.”

“రేపట్నుంచి పనుండదు.”

“తెలుసు. అక్కకీ నాకూ లక్ష గొడవలుంటాయి, అది మా ఇంటి సంగతి. చెయ్యి పోగొట్టుకున్న మనిషి మీద అబద్ధం రాసి నా పేరు పెట్టమంటే పెట్టను.”

మిగతా ఇరవై ఒక్క కాగితాలు, సంతకాలతో సహా, అప్పటికే టీచరమ్మ చేతిలో ఉన్నాయి. సూపర్‌వైజరు చెయ్యి చాచాడు. ముసలమ్మ కీళ్లు పట్టుకుంటూ లేచి అతనికి అడ్డంగా వచ్చింది.

“నాది నాకిచ్చెయ్యమ్మా,” అంది టీచరమ్మతో. “అందులో తప్పుంది.”

“నాదీ,” అంది వెనక ఇంకో గొంతు.

టీచరమ్మ ఎవరికీ ఇవ్వలేదు. కాగితాలని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. సూపర్‌వైజరు లోపలికి అడుగుపెట్టి, వెనక్కి చూడకుండానే తలుపు గడియపెట్టాడు.