షీబా దిగాల్సిన గెడ్డ

మా షీబాది ఒక్కటే పట్టు. బాప్తిస్మం తీసుకుంటే ఊరి పక్కన పారే గెడ్డలోనే తీసుకుంటుందట. వాళ్ళమ్మ లీలారాణి పెళ్ళికి ముందు ఆ గెడ్డలోనే మునిగి లేచింది. చర్చిలో సిమెంటు తొట్టి ఉంది కదా, ఈమధ్య అందరికీ అందులోనే ఇస్తున్నాం కదా అని పాస్టరుగారు నచ్చజెప్పి చూశారు. తల్లి పోయిన పిల్లకి తొట్టి చూపిస్తే ఊరుకుంటుందా?

భోగాపురం వైపు కొత్త రోడ్డు పడ్డాకే గెడ్డ పాడైంది. రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లు, హోటళ్ళు వెలిశాయి. వాన పడితే చాలు, వాళ్ళ నూనె, మడ్డి, ప్లాస్టిక్కు అంతా వాన కాలువలోంచి తిన్నగా గెడ్డలోకే. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, చివరికి ఊరే కదిలింది. రైతులు ట్రాక్టర్లు తెచ్చారు. మా చర్చి పేటవాళ్ళం పారలు పట్టాం. వేసవంతా గెడ్డలో చెత్త తీశాం. కాలువ నోటికి ఇసక బస్తాలతో అడ్డుకట్ట వేశాం. కాలువ పక్కనే ఇల్లున్న రైతుల పేట జగ్గమ్మప్ప అందరికంటే ముందు బస్తా ఎత్తింది.

"షీబా దిగీవరకూ ఒక్క మురికి సుక్క రానిస్తానేటి?" అంది.

ఊట నీళ్ళు తేరుకున్నాయి. ఎడమొహం పెడమొహంగా ఉండే రెండు పేటలూ గట్టు మీద కూర్చుని కలిసి పులిహోర తిన్నాయి. ఆ సంబరంలో, ఆపిన నీళ్ళు ఎటు పోతాయిరా అని ఒక్కడూ అడగలేదు. తాపీ పని చేసుకుని బతికేవాణ్ణి, నాకైనా తట్టొద్దూ? తట్టలేదు.

ఆదివారం బాప్తిస్మం అనగా శనివారం మధ్యాహ్నం వాన దంచేసింది. మా కట్ట కదల్లేదు. కాలువ వెనక్కి తన్ని జగ్గమ్మప్ప ఇంట్లోకి దూరింది. నేనూ షీబా పరిగెత్తుకెళ్ళేసరికి ఆవిడ వీధిలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఇంటి మట్టిగోడ ఒక పక్క జారిపోతోంది.

పార పట్టుకుని కట్టెక్కాను. చెయ్యి ఆడలేదు.

"కొట్టకురా డేవిడూ!" అని అరిచింది అప్ప. "రేపు పిల్ల దిగాల. గోడే కదేటి, మల్లీ పెట్టుకుంటాను!"

షీబా నా చేతిలోంచి పార లాక్కుంది. మొదటి బస్తా అదే చీల్చింది. ఆ తర్వాతే నాకు చేతులొచ్చాయి. నూనె తేలుతున్న నల్లటి నీళ్ళు, చెత్తా, అన్నీ గెడ్డలోకి దూకాయి. అప్ప ఇల్లు నిలబడింది. ఊరంతా పడ్డ కష్టం మాత్రం కళ్ళముందే కొట్టుకుపోయింది. కట్టమీదే కూలబడి ఏడ్చాను, నలుగురూ చూస్తున్నారని కూడా లేదు నాకు.

గెడ్డ తేరుకునేదాకా వాయిదా వేద్దామన్నారు పాస్టరుగారు. "ఎప్పుడికి తేరుతాది?" అని అడిగింది షీబా.

మర్నాడు తెల్లబట్టలు కట్టుకుని తొట్టిలోనే దిగింది. జగ్గమ్మప్ప మొదటిసారి మా చర్చికొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, నావల్లే కదా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది.

అందరూ పాడుతుంటే షీబా తడిబట్టలతో నా దగ్గరికొచ్చింది.

"నాన్నా, అమ్మ మునిగినపుడు కళ్ళు మూసుకున్నాదా?"

నాకేం తెలుసు? అప్పటికి లీలారాణి ఎవరో కూడా తెలీదు నాకు.

"మూసుకున్నాదమ్మా" అన్నాను.

"నానూ మూసుకున్నాను. తొట్టి కనబడకుండా."