భూదేవి ఎడమ కాలు

మా భూదేవి కాలు పడి విరగలేదు. ఈ మాట, పని కోసం తెలుగునేల దాటి వచ్చి ఉంటున్న గోడాదరాలో కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ఒక్కరూ నమ్మలేదు. నాలుగో తరగతితో బడి మానేసినవాడి మాట ఎవడు నమ్ముతాడు?

నా భార్య పదిహేనేళ్లు నేలమీద కూర్చుని చీరల దారాలు కత్తిరించింది. మోకాళ్లు అరిగి కాళ్లు విల్లులా వంగాయి. కరోనా మొదటి ఏడాది నేను బట్ట నేసే సాంచెలు, అదే మరమగ్గాలు, ఆగిపోయాక, అన్నం పంచేచోట రోజూ గంటలకొద్దీ లైనులో నిలబడింది కూడా ఆమే. చెయ్యి చాపడం నాకు నామోషీ.

అప్పుడే ఎడమ మోకాలికి నాలుగు వేళ్ల కింద కొత్త నొప్పి మొదలైంది. అదీ కీళ్ల నొప్పే అనుకున్నాను. సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్లం పిక్కలకు గుడ్డపట్టీ బిగించుకుంటాం. ఆమెకూ అలాగే కట్టి, "కూసుంటే బిగుసుకపోతది, నడువు" అని కసిరి రెండు నెలలు నడిపించాను. నడిపించింది విరుగుతున్న ఎముక మీద. తెలియక చేశానంటే ఎముక ఊరుకుంటుందా?

ఒకరోజు లేవలేకపోయింది. ఒక ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. మూడు నెలల తర్వాత విప్పితే ఎముక అతకలేదు సరికదా, కాలు మరింత వంగింది. ఇలాంటి ఆపరేషన్లు కరోనా తగ్గాకే అన్నారు ఇంకోచోట. చివరికి డాక్టర్ మౌక్తిక దొరికింది. మన తెలుగమ్మాయే.

"విరిగిన ఎముక, మోకాలు రెండూ ఒకే ఆపరేషన్‌లో సరిచెయ్యాలమ్మా. కొత్త కీలు వేసి, దాని కింది నుంచి పొడుగాటి రాడ్డు విరిగినచోటు దాటేదాకా దించుతాం" అంది.

"ఇరిగింది కింద, మోకాలెందుకు కోస్తరు బిడ్డా?" అంది భూదేవి.

తోడుగా వచ్చిన పొరుగింటి గంగారాం నా చెవిలో గొణిగాడు: "ఇదంత పైసల ధందా సోమలింగం! మల్లొక పిండికట్టు ఎయ్యమను, అయిపాయె."

నేను ఎక్స్‌రే చూశాను. వంకర కాలు, బరువంతా ఒక పక్కకే. మా షెడ్డులో ఒక సాంచె షాఫ్టు ఇలాగే మూడుసార్లు విరిగింది. సేఠు మూడుసార్లూ వెల్డింగ్ చేయించాడు. నేను సాంచె కాళ్ల కింద రేకులు పెట్టి నేలకు సమం చేశాకే ఆ విరగడం ఆగింది. మెప్పు మాత్రం వెల్డింగ్ చేసినవాడికి దక్కింది.

"మేడం, వంకర ఉన్నన్ని దినాలు బరువు గాడనే పడతది. వంకర తీస్తెనే అతుకుతది. గంతేనా?"

ఆమె రాసేది ఆపి నావైపు చూసింది. "అంతే! మా జూనియర్లకు కూడా ఇంత త్వరగా అర్థం కాదండీ."

భూదేవి నావైపు తిరిగింది.

"నడువుమన్ననాడు గూడ గిట్లనే గట్టిగ చెప్పినవ్."

నేను చేతిలో ఉన్న ఎక్స్‌రే బల్ల మీద పెట్టేశాను.

"గిది గూడ తప్పయితే బతికినన్ని దినాలు నన్ను మొయ్యాలె. మోస్తవా?"

"మోస్త."

"నీ నడుముకు గంత బలం లేదు తియ్యి" అని, డాక్టరుతో "కొయ్యండి బిడ్డా" అంది. సంతకం నేనే పెట్టాను.

నాలుగు నెలలకు ఎముక అతికింది. అప్పటిదాకా నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని ఏడుస్తూ, నన్ను తిడుతూ, ఒక్కపూట మానకుండా గదిలో నడిచింది. ఆ మొండితనం నాకు ఏ షెడ్డులోనూ కనపడలేదు.

మొన్న పొద్దున రెండంతస్తుల మెట్లు ఒంటరిగా దిగింది. కింద గంగారాం నోరు తెరిచాడు.

"వదినె పొడుగైనట్టుందేంది!"

"నేను పొడుగు గాలే, నువ్వే వంగినవ్. జర తప్పుకో, కూరగాయల బండి పోతాంది."

నిటారుగా నడిచిపోయింది. పట్టుకుందామని చాపిన చేతులతో నేను వెనకే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నలభై ఏళ్లు ఈ ఊరికి బట్ట నేశాను, నా పేరు ఎవరూ అడగలేదు. ఆ పూట మాత్రం ఆమె ఎవరని వీధిలో ఒక్కడైనా అడగాలనిపించింది. ఎవరూ అడగలేదు.

"మా ఆమెనే" అని తెలుగు రాని ఆ బండివాడికి నేనే చెప్పాను.