బుట్ట మీద రాసిన పేరు

ఇత్తడి గిన్నెలు తోమడం, చేపముక్కలకు గుడ్డు పూసి వేయించడం, ఎండబెట్టిన అడవికూర నానబెట్టడం, కొత్త బియ్యప్పిండిలో నువ్వులు పెట్టి అర్ధచంద్రాల్లా చేసి ఆవిరి మీద ఉడికించడం, ముత్తాతల పూజకు బల్ల సర్దడం. పున్నమి పండుగలోపు నేను చేయవలసిన పనులంటూ మా ఆయన డోంగ్‌ఊక్ సియోల్ నుంచి పంపిన జాబితా అది. కింద ఒక ముక్క: "ఏడు నెలలు తిరిగావు, చాలు. పెద్ద కోడలివని గుర్తుంచుకో."

ఇక చాలని ఏడు నెలల క్రితం నేనూ అనుకున్నాను. పద్నాలుగేళ్ళు ఆఫీసు సమావేశాలకు కాఫీ కలిపాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే నాపై అధికారి అయిన రోజున రాజీనామా ఇచ్చి, వీపుకి సంచి తగిలించుకుని బయల్దేరాను. వియత్నాం, కంబోడియా తిరిగి, చివరికి లావోస్‌లో నది ఒడ్డున బువా అక్క నడిపే ఆరు గదుల సత్రంలో ఆగాను. మొదటి వారమంతా తెల్లవారుజామునే లేచి, ఎవరూ చెప్పకుండానే, బస చేసినవాళ్ళందరి కంచాలూ కడిగేశాను. "జీతం అడగవు కదా?" అని నవ్వింది అక్క. "తిన్నవాళ్ళే కడుక్కుంటార్లే, నువ్వు కూర్చో." పదహారేళ్ళ కాపురంలో నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆ మాటకే ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాను.

విమానానికి ఇంకా నాలుగు రోజులుంది. అదే పున్నమికి ఇక్కడివాళ్ళు బుట్టలో అన్నం, పళ్ళు సర్ది, చనిపోయినవాళ్ళ పేరు రాసి గుడిలో ఇస్తారు. కొడుకే ఇవ్వాలన్న నియమం లేదు. అక్క నాకూ ఒక బుట్ట అల్లి, కలం తీసింది.

"ఎవరి పేరు రాయను?"

నా నోట ముందుగా మా ఆయన ముత్తాత పేరు వచ్చింది. ఆ తర్వాత తాతగారిది.

"వాళ్ళను చూశావా నువ్వు?"

"లేదు."

"మరి నీవాళ్ళో?"

మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. జుమున్‌జిన్ రేవులో, చలికి వేళ్ళు పగిలిపోతున్నా, స్క్విడ్ చేపలు చీల్చి తాళ్ళ మీద ఆరబెట్టి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటిదాన్ని నేనే. అమ్మకు మేమిద్దరం ఆడపిల్లలమే కాబట్టి పూజ బల్ల వేసే కొడుకు లేడు.

"గంగ్‌నుంగ్ చ్వే వంశపు ఆవిడ," అన్నాను. మా పూజ కాగితాల మీద ఆడవాళ్ళను రాసేది అలాగే.

అక్క కలం కింద పెట్టేసింది. "ఓసి పిచ్చిదానా, ఆ వంశంలో ఎంతమంది ఆడవాళ్ళు పోయుంటారు! అన్నం ఎవరికి చేరాలి? పేరు చెప్పు."

చెప్పాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పేరు పైకి పలికాను.

ఆ మధ్యాహ్నమే టికెట్టు పండుగ మర్నాటికి మార్చుకుని, బుట్ట సంగతి మా ఆయనకు రాశాను. "అమ్మకు మణికట్టు నొప్పి. వంట ఎవరు చేస్తారు?" అని డోంగ్‌ఊక్ సందేశం. "మీ మణికట్లు బాగానే ఉన్నాయిగా," అని రాశాను. అరగంటలో అత్తగారి ఫోను. తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"అత్తయ్యా, తప్పే, కానీ..."

"తప్పొప్పులు తర్వాత చూద్దాంలే. ఆ బుట్టలో ఇంకో పేరుకు చోటుంటుందా, అమ్మాయ్?"

పక్కనున్న కలం అందుకున్నాను.

"యాభై ఒక్క ఏళ్ళు ఈ ఇంటి పెద్దలకు వండాను. మా అమ్మకు గిన్నెడు అన్నం పెట్టలేకపోయాను. చేపముక్కలంటావా, నీ మొగుడే వేయిస్తాడు. మాడితే మాడనీ, ముత్తాతలు తింటారు." ఆ తర్వాత వాళ్ళమ్మ పేరు చెప్పింది. నేను అడగకుండానే మళ్ళీ ఒకసారి, మెల్లగా.

ఈ రోజు పున్నమి. బుట్ట గుడిలో ఇచ్చి వచ్చాం. రేపు నా ప్రయాణం. బువా అక్కకూ, అత్తయ్యకూ ఏమిచ్చినా సరిపోదు. మిమ్మల్ని మాత్రం ఒకటి కోరుతున్నాను. నా పేరు మీకు చెప్పలేదు, అవసరమూ లేదు. మా అమ్మ పేరు చ్వే బున్‌రే. అత్తయ్య వాళ్ళమ్మ పేరు కిమ్ జొమ్‌సున్. ఆవిడ గురించి నాకు ఇంకేమీ తెలియదు. ఎప్పుడైనా అన్నం ముందు కూర్చున్నప్పుడు, వాళ్ళిద్దరినీ పేరు పెట్టి తలచుకోండి.