సున్నం పూసిన సగం

ఆరున్నరకల్లా తాళాలక్క పై హాలు కిటికీలు పద్నాలుగూ తెరిచేసింది. ఆమె అసలు పేరు జీతాల పట్టీలో ఉంది. నడుముకి వేలాడే తాళాల గుత్తి మనిషికంటే ముందు మెట్లెక్కి వస్తుంది కాబట్టి, ఇరవై ఆరేళ్ళుగా లైబ్రరీలో అందరికీ ఆమె తాళాలక్కే. పొట్టి మనిషి. ఎండిపోయిన మణికట్లు. కుడి మోకాలు మెట్ల దగ్గర మాట వినదు. రాత్రి చల్లారిన గాలి లోపలికి వచ్చి బీరువాల మధ్య తిరుగుతుంటే, ఆమె గచ్చు ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. తొమ్మిదికి తూర్పు కిటికీ ఎండ గచ్చుమీద జానెడు పాకగానే అన్నీ మూసి తెరలు దించేసింది.

కొత్తగా వచ్చినవాళ్ళు, "ఇంత ఎండల్లో కిటికీలు మూస్తారా ఎవరైనా?" అంటుంటారు. తాళాలక్క వాదించదు. "ఓ గంట కూర్చోండి, అప్పుడు తిట్టండి," అంటుంది. గంట తర్వాత తిట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆమె చదువు అయిదో తరగతి. చాలా ఏళ్ళు పుస్తకాలంటే ఆమెకి బరువూ దుమ్మూ మాత్రమే. ఏది లావు, ఏది తేలిక, దేనికి చెదలు పడుతుంది అన్నవే తెలుసు. లోపల ఏముందో చూడాల్సిన అవసరం మూడేళ్ళ కిందట వచ్చింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అత్త ఇంట్లోనే స్పృహ తప్పి పడిపోయింది. రేకుల కప్పు కింద ఒక్క గది, ఒక్క కిటికీ. భర్త పోయి పదిహేనేళ్ళయింది. ఆయనతో కాపురం చేసిన ఏళ్ళకంటే ఆయన తల్లితో చేసిన ఏళ్ళే ఎక్కువ. ఆస్పత్రిలో డాక్టరు, "వడదెబ్బ," అన్నాడు. "గడప దాటని మనిషికి వడదెబ్బేంటి సార్?" అని అడిగింది. ఆయన అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. ఆ నెలలోనే ఒక శనివారం, భూమి ఎందుకు వేడెక్కుతోందో చెప్పడానికి రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన లైబ్రరీకి వచ్చారు. తాళాలక్క నలభై కుర్చీలు వేసింది. పదకొండు మంది వచ్చారు. ఎప్పుడూ తలుపు దగ్గర నిలబడే మనిషి ఆ రోజు పన్నెండో కుర్చీలో కూర్చుంది. బొగ్గు, పెట్రోలు తగలబెట్టగా వచ్చే పొగల్లో కొన్ని వాయువులు గాలిలో మిగిలిపోయి, భూమి మీద వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయని ఆయన చెప్పారు. ఏటికేడు ఎండలు ముదురుతాయన్నారు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అంటే ఆమె లేచింది.

"భూమి సంగతి సరే సార్. మా గది సంగతేంటి?"

ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "మీ గదిలో వేడెంత ఉంటుందమ్మా?"

"చాలా ఉంటుంది."

"చాలా అంటే ఎంత?"

అప్పుడాయన లైబ్రరీలో పుస్తకాల్లాగే వస్తువులు అరువిచ్చే బీరువా తెరిపించారు. మడత నిచ్చెన, డ్రిల్లింగు మిషను, కుట్టుమిషను ఉండే ఆ బీరువా తాళం ఆమె నడుముకే ఉండేది కానీ, అందులోంచి తన కోసం ఏదీ తీసుకోవచ్చని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. మాస్టారు థర్మామీటరు తీసి చేతిలో పెట్టి గీతలు చదవడం నేర్పారు. "చాలా అనకండి. అంకె చెప్పండి. అంకె చెబితే ఎవరైనా వినాల్సిందే," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం గదిలో నలభై మూడు. ఆ అంకెని ఆమె పాత రిజిస్టరు వెనక పేజీలో రాసింది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టింది. మూడో బీరువా కింది అరలో పిల్లల కోసం బొమ్మలతో ఉన్న పుస్తకం. భోజనం వేళ మెట్ల కింద కూర్చుని, పంక్తి కింద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా పెదాలతో కూడబలుక్కుని చదివేది. అది పూర్తయ్యేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. తెల్లటి కప్పు ఎండని తిప్పికొడుతుందని అందులో ఉంది. లైబ్రరీ నిచ్చెన అరువు తీసుకుని రేకుల మీద సున్నం పూసింది.

"ఇంట్లో పెళ్ళా ఏంటి?" అంది సందులో ఒకావిడ.

"మా అత్తకే," అంది తాళాలక్క.

మొదటి పూత ఒక్క వానకి కారిపోయి గుమ్మం ముందు పాలగుంటయింది. సున్నంలో జిగురు కలపాలని రెండో ఏడు తెలిసింది. రేకుల కింద అట్టపెట్టెలు విప్పి కట్టాలని, కిటికీకి ఎదురుగా పైన ఒక కన్నం ఉంటే వేడిగాలి బయటికి పోతుందని ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. నలభై మూడు ముప్పై ఏడుకి దిగింది. కిందటేడు సందులో మరో తొమ్మిది కప్పులు తెల్లబడ్డాయి. పెళ్ళా అని అడిగినావిడ ఇంటిదే అందులో మొదటిది. అత్త మాత్రం, "వేడి కొలిచే కోడల్ని నేనెక్కడా చూళ్ళేదమ్మా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అది మెచ్చుకోలో వెటకారమో ఎవరికీ అంతుబట్టేది కాదు.

ఈ రోజు పన్నెండింటికి నగర కార్యాలయం ఇంజనీరు వస్తాడు. కిందటి వేసవిలో పై హాల్లో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. అందుకని వానలు పడేవరకూ మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా హాలు మూసేయాలని పది రోజుల కిందట ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ ముప్పై ఏళ్ళమ్మాయి. ఉత్తరం చదివి తల పట్టుకుంది. ఆ హాలుకి మధ్యాహ్నం నలభై మంది వస్తారు. ఇస్త్రీ బండి ముసలాయన, డ్యూటీ దిగిన డ్రైవర్లు, రేకుల గదుల్లోంచి చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు. సగం మంది చదవడానికి రారు, తల దాచుకోవడానికి వస్తారు. హాలు మూస్తే వాళ్ళంతా మళ్ళీ ఆ రేకుల కిందికే పోవాలి.

"మూయాల్సిన పని లేదు మేడం. రానివ్వండి ఆయన్ని," అంది తాళాలక్క.

ఆ ఉత్తరం రావడానికి చాలా ముందే, ఎండలు ముదరకముందే, లైబ్రేరియన్ని ఒప్పించి, లైబ్రరీ డాబాలో సగానికి రెండు పూతలు సున్నం పూసింది. ఆ సగం కింద పెద్ద హాలు, మిగతా సగం కింద పేపర్ల గది. రెండిట్లోనూ ఒకే ఎత్తులో చెరో థర్మామీటరు తగిలించింది. డాబా అంతా పూయొచ్చు కదా అని లైబ్రేరియన్ అడిగితే, "అంతా పూస్తే తేడా ఎక్కడ కనబడుతుంది మేడం?" అంది. అరవై రెండు రోజులుగా మధ్యాహ్నం మూడింటికి రెండు అంకెలూ రాస్తోంది.

ఇంజనీరు చెమటలు కక్కుతూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చంకలో ఫైలు. పేపర్ల గదిలో రెండు నిమిషాలు నిలబడి, "చూశారుగా, ఇందులో మనుషులెలా ఉంటారు? మూసేయడమే," అన్నాడు.

"ఇటు కూడా ఒకసారి రండి సార్," అని హాలు తలుపు తెరిచింది తాళాలక్క.

లోపల ముప్పై మంది పైనే ఉన్నారు. ఒక చంటిది బల్ల మీద పడుకోబెట్టిన చోటే నిద్రపోతోంది. ఇంజనీరు గుమ్మంలో ఆగి, ఏసీ ఎక్కడుందా అని గోడలకేసి చూశాడు.

"ఏసీ లేదు సార్. పైకి రండి."

డాబా మీద నడినెత్తిన సూర్యుడు. ఆమె ముందు మామూలు సగం మీద అరచెయ్యి పెట్టి తీసింది. ఆయనా పెట్టాడు. పెట్టినంత వేగంగా తీసేసి చెయ్యి దులుపుకున్నాడు. తెల్ల సగం మీద పెట్టాడు. తియ్యలేదు. వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు.

కిందికి దిగాక రిజిస్టరు ఇచ్చింది. ఆయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా, ఒక్క రోజు ఖాళీ లేదు. ఆదివారాలు కూడా.

"నాలుగున్నర డిగ్రీల తేడా," అన్నాడు మెల్లగా. "ఎవరు చెప్పారమ్మా మీకివన్నీ?"

"ఇక్కడి పుస్తకాలే సార్. మూడో బీరువా, కింది అర."

"ఏం చదువుకున్నారు?"

"అయిదు. మిగతాది ఇక్కడ ఊడుస్తూ చదువుకున్నా."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. ఫైల్లోంచి ఉత్తరం తీసి, మూసివేత అన్న చోట అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాడు. మిగతా సగానికి ఈ వారంలోనే సున్నం వేయిస్తానన్నాడు. ఊళ్ళో ఇంకా ఆరు లైబ్రరీలున్నాయి, వచ్చి చూపిస్తారా అని అడిగాడు.

"నిచ్చెన మాదే తెచ్చుకుంటా," అంది తాళాలక్క. "మీ నిచ్చెనల సంగతి నాకు తెలీదు. మోకాలు మాట వినదు సార్, నిచ్చెనైనా వినాలి కదా."

లైబ్రేరియన్ ఆయన వెళ్ళాక ఏడ్చినంత పని చేసింది. తాళాలక్క ఆ అమ్మాయికి మంచినీళ్ళిచ్చి, మూడు కాగానే అంకెలు రాయడానికి వెళ్ళింది. హాల్లో ముప్పై నాలుగు. పేపర్ల గదిలో ముప్పై ఎనిమిదిన్నర.

అయిదున్నరకి సందు మలుపు తిరిగింది. తెల్లటి కప్పుల మీద ఎండ వాలుతోంది. నడుస్తుంటే ఆమెకి తనలో తానే నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆ లైబ్రరీలో ఆమె చెప్పిన మాట ఒక పెద్దమనిషి చేత సంతకం పెట్టించడం ఇదే మొదటిసారి. ఇంటికి వెళ్ళగానే అత్తకి ఏది ముందు చెప్పాలో, ఏది ఆఖర్న చెప్పి ఉడికించాలో వరస పెట్టుకుంది.

తలుపు తోసి, చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. "అత్తా, ఇవాళ ఇంజనీరు చేత డాబా ఎక్కించా. చెయ్యి కాల్చుకున్నాడు పాపం." అత్త మంచం మీద దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాళాలక్క చేతులు కడుక్కుంది, పొయ్యి వెలిగించింది, గిన్నెలో నీళ్ళు పెట్టింది. చెబుతూనే ఉంది. "ఏం చదువుకున్నావని అడిగాడు. ఏం చెప్పానో తెలుసా?"

తెలుసులేవే అనాలి అత్త. అనలేదు.

తాళాలక్క పొయ్యి ఆర్పింది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత నుదుటి మీద. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. పక్కింటావిడ రెండింటికి వచ్చి పలకరిస్తే, "నిద్దరొస్తోంది, తర్వాత రా," అందట. అప్పటి డాక్టరే వచ్చి చూసి, నొప్పేమీ పడినట్టు లేదు, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. ఈసారి తాళాలక్క ఏమీ అడగలేదు. ఆయన కూడా వెంటనే వెళ్ళిపోలేదు. చెమట తుడుచుకోవడానికి తీసిన చేతిరుమాలు తుడుచుకోకుండానే జేబులో పెట్టుకుని, పైనున్న అట్టలకేసి ఒకసారి చూశాడు.

మర్నాడు పొద్దున్నే అత్తని తీసుకెళ్ళారు. సందులోవాళ్ళంతా వెంట వెళ్ళారు.

తిరిగొచ్చి తాళాలక్క గుమ్మంలో నిలబడింది. ఖాళీ మంచం మీద, పెట్టె అడుగునుంచి ఆవిడే లాగి తీసుకుని, ఒకప్పుడు నలభై మూడున్న ఆ గదిలోనే ముందురోజు మధ్యాహ్నం గుండెల దాకా కప్పుకున్న చలికాలం దుప్పటి ఒక పక్కకి తొలగి ఉంది, కాళ్ళ దగ్గర ముడతలు ముడతలుగా.