నలభై అంగల దూరం

మా అమ్మాయి ఓర్సొలా కిందటి చలికాలం జ్వరంతో పోయింది. దాని బొమ్మ ఇంట్లో ఒక్కటీ లేదు. వాళ్ళ నాన్న అకిల్లె ఇటలీలోని పార్మా ఊళ్ళో నాటకశాలకి తెరలు వేసే చిత్రకారుడు. తీరికగా కూర్చుని ఇంటివాళ్ళని గీసే రకం కాదు. సంత వీధి బొమ్మ ఉన్న తెర మీద మాత్రం, బాల్కనీలో నిలబెట్టి దాన్ని వేశాడు.

ఇప్పుడు కొత్త ఒపేరాకి సముద్రం తెర కావాలి. పాత తెరని కడిగి అదే గుడ్డ మీద కొత్త బొమ్మ వేయడం అక్కడి పద్ధతి. జిగురు రంగులు, నీళ్ళు తగిలితే పోతాయి.

"సోమవారం కడుగుతాం," అన్నాడు అకిల్లె, సూప్‌లో రొట్టె ముంచుకుంటూ.

"అమ్మాయి ఉన్న ముక్క అడగలేకపోయావా?"

"అడిగాను. సముద్రానికి చిల్లేమిటన్నాడు మేనేజరు."

నాకు ఏడుపు రాలేదు. సూప్‌లో ఉప్పు తక్కువైందని మాత్రం తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం భోజనం బుట్టలో, జున్ను కింద కత్తెర పెట్టుకుని నాటకశాలకి వెళ్ళాను. తెర నేలంతా పరిచి ఉంది. అకిల్లె మెత్తటి చెప్పులతో దాని మీద నడుస్తూ సగం వీధి కడిగేశాడు. కత్తెర చూశాడు.

"బాల్కనీ కింద నుంచి కత్తిరించు. పైన కుట్టుంది, చిరుగుతుంది."

నేను ముక్క మడిచి బుట్టలో పెడుతుండగా మేనేజరు వచ్చాడు.

"ఈ చిల్లేమిటి మాస్టారూ?"

"ఎలుకలండీ."

"ఇంత నలుచదరంగానా?"

"పార్మా ఎలుకలు కదండీ, కొలత తెలుసు."

అతుకు వేసిస్తానని ఆయన్ని పంపేశాడు.

ఇంటికొచ్చి ముక్కని గోడకి కొట్టాం. మొహం లేదు. మూడు గోధుమరంగు పూతలు, ఒక గులాబీ మరక, ఒక తెల్ల చుక్క.

"ఇదేనా?"

"నలభై అంగల నుంచి చూడ్డానికి వేశాను. దగ్గరికి పనికిరాదు."

మా ఇల్లు మొత్తం తొమ్మిది అంగలు.

మర్నాడు ముక్కని కిటికీకి బయటివైపు కట్టి, బావి ఉన్న మైదానం దాటి, ఎదురింటి ఎర్మెలిందా మేడ ఎక్కాను. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఏమ్మా, మీ ఇంట్లో కిటికీ లేదా?"

"ఉంది. దాన్ని చూడ్డానికే వచ్చా."

ఆమె వంటింట్లో వెనక గోడకి ఆనుకుని కిటికీలోంచి చూశాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎవరో ఆలస్యంగా వస్తున్నందుకు విసుక్కుంటూ, ఓర్సొలా.

"అయ్యో, మీ పిల్లే!" అని ఎర్మెలిందా పైటంత ఏప్రన్‌తో మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. మిగిలిన చిక్కుళ్ళు ఒలిచిపెట్టాను.

కింద అకిల్లె వచ్చాడు. మా కిటికీ వైపు చూస్తూ ఒక్కో అంగా వెనక్కి వేసి, చివరికి ఎర్మెలిందా ఇంటి గోడకి తగిలాడు.

"ఇంకో నాలుగంగలు కావాలి," అన్నాడు పైకి చూడకుండానే.

"పైకి రా," అన్నాను. "ఇక్కడ సరిపోతుంది."