సూది తీసే చోటు

రికార్డు తుడిచేటప్పుడు గుడ్డని గాడి వెంబడి గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా తుడవకూడదు. చేతికి తడి ఉండకూడదు, నూనె అసలే ఉండకూడదు. పెళ్ళయిన కొత్తలో మావారు నాకు నేర్పిన మొదటి పని ఇది. పొయ్యి దగ్గర ఎలా నిలబడాలో అత్తగారు నేర్పారు, రికార్డు ఎలా పట్టుకోవాలో ఈయన నేర్పారు. తప్పు చేసినప్పుడు ఇద్దరూ ఒకటే మాట అనేవారు: "చేతులుంటే చాలదు, మనసు పెట్టాలి." పెట్టాను. అదే పొరపాటేమోనని ఈమధ్య అనిపిస్తోంది.

మావారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కానీ ఆయన పేరు లెక్కల వల్ల రాలేదు, ఒక పత్రికలో నెలనెలా రాసే వ్యాసాల వల్ల వచ్చింది. నూరేళ్ళ కిందట ఒక సంగీతకర్త ఉండేవాడు. తొమ్మిది సింఫనీలు రాసి పోయాడు. మా ఇంట్లో ఆయన్ని "పెద్దాయన" అంటాం. ఒక్కో సింఫనీ వందమంది కలిసి వాయించాలి, గంట పైగా సాగుతుంది. కాగితం మీద రాసింది ఒకటే అయినా, ముందు నిలబడి అందరిచేతా వాయింపించే కండక్టరుని బట్టి అది మారిపోతుంది. ఎవరు ఎక్కడ తొందరపడ్డారు, ఎవరు ఎక్కడ సాగదీశారు, ఎవరి వయొలిన్లు ఏడ్చాయి, ఎవరివి ఏడుపు నటించాయి అని పక్కపక్కన పెట్టి తేల్చడం మావారి పని. ఆ కండక్టర్ల పేర్లకి నాకు నోరు తిరగదు. నేను పెట్టుకున్న పేర్లే మా ఇంట్లో నిలిచిపోయాయి. ఒకాయన "గడియారం", ఒకాయన "ఏడుపుగొట్టు", ఇంకొకాయన "కోపిష్టి".

పోల్చడానికి ఒక పద్ధతుంది. సింఫనీలో ఒక చోటు ఎంచుకుంటారు, నాలుగైదు నిమిషాలు. అదే ముక్కని ఒక్కొక్క రికార్డు మీదా వింటాం. నేను సూది ఆ గాడిలో సరిగ్గా దింపాలి. ముక్క అయిపోగానే ఆయన చెయ్యెత్తుతారు. "తియ్యి. తరవాతది." తొమ్మిదో సింఫనీవి మా దగ్గర పదిహేడు రికార్డులున్నాయి. పదిహేడూ విన్నాను. ఒక్కటీ పూర్తిగా వినలేదు.

అందులో చివరి భాగం ఒకటుంది. తీగవాయిద్యాలే నెమ్మదిగా, అంచెలంచెలుగా పలచబడుతూ పోతాయి. ఇంకా అయిదారు నిమిషాలుందనగా ప్రతిసారీ మావారి చెయ్యి లేస్తుంది.

"ఇంకా ఉంది కదండీ," అన్నాను ఒకసారి.

"ఏముందక్కడ? నిశ్శబ్దమేగా. నిశ్శబ్దానికీ నిశ్శబ్దానికీ తేడా ఏం రాస్తాను?"

"పోనీ, మీరు వాకింగుకి వెళ్ళినప్పుడు నేనొక్కసారి పెట్టుకోనా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "సూదికి ఆయుష్షుంటుంది. ఉత్తినే వినడానికి కాదు అది."

ఉత్తినే. వంట ఉత్తినే కాదు, బట్టలు మడత పెట్టడం ఉత్తినే కాదు, అత్తగారి గదిలో గంట మోగితే పరిగెత్తడం ఉత్తినే కాదు. నా బతుకులో ఉత్తినే చేసిన పని ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. దొరకలేదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను కదా, అదైనా ఉత్తినేనా అంటే, అక్కడా ఇంట్లో అందరి పేర్లూ వరసగా చెప్పి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను.

పదకొండేళ్ళ కిందట ఒకరోజు మావారు రెండు రికార్డులు వినిపించి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, "నీకెలా ఉంది?" అని అడిగారు. పెళ్ళయి అప్పటికి ఇరవై ఏళ్ళు. కూరలో ఉప్పు గురించి నేను ఆయన్ని అడగడమే తప్ప, నాకెలా ఉందని ఆయన అడగడం అదే మొదలు. నాకు తెలిసిన వంటింటి భాషలోనే చెప్పాను. "ఆ వయొలిన్లు వచ్చే చోట, కొత్త ఇంటికి మొదటిసారి వచ్చిన మనిషి గడపలో ఆగినట్టు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుందండీ. ఈ గడియారం ఆగడు. చెప్పులతోనే గబగబా వంటింట్లోకి వెళ్ళిపోతాడు." ఆయన నవ్వలేదు. రాసుకున్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. అత్తగారు కూడా గమనించి, "ఏమిటే, ఒళ్ళు తేలిపోతోంది?" అన్నారు.

తరవాత వ్యాసం వచ్చింది. "ప్రవేశంలో ఉండవలసిన సంకోచాన్ని ఈ నిర్వాహకుడు విస్మరించాడని నా చెవి చెబుతోంది," అని ఉంది. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి, మాస్టారి చెవి మామూలు చెవి కాదని. మళ్ళీ అడిగారు. ప్రతిసారీ అడిగారు. నాకొక నోటుబుక్కు కొనిచ్చారు.

ఒకరోజు నేను పెరట్లో బట్టలారేస్తుంటే పొయ్యి మీద కుక్కరు కూత పెట్టింది. ఒకటి, రెండు, ఆరు, ఏడు. పరిగెత్తుకొచ్చి చూస్తే మావారు పొయ్యికి మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మాడిన వాసన తగిలి అప్పుడే తలెత్తారు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ చూపులో ఆయనకి తెలిసిపోయింది, నాకు తెలిసిపోయిందని. నా అభిప్రాయం అడిగారనుకుని మురిసిపోయిన ఆ వారం గుర్తొచ్చి, మాడిన గిన్నె తోముతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ మాట మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు. నేను ఆయన ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా నెమ్మదిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. ఎవరైనా వస్తే వాళ్ళన్నమాట ఏదో వంకతో నేను మళ్ళీ అనేదాన్ని. అబద్ధం ఆడకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఈ పదకొండేళ్ళలో ఆడినవన్నీ ఆయన తరఫున ఆడినవే. దేవుడిని మాత్రం అడిగాను. సంగీతం మీద అంత ప్రాణం ఆయనకిచ్చి చెవులు తీసేసుకున్నావు, చెవులు నాకిచ్చి వినే తీరిక ఇవ్వలేదు, ఏమిటి స్వామీ ఈ పంపకం? దేవుడు చాలామందిని చూసుకోవాలి కదా, నా వంతు ఇంకా రాలేదనుకున్నాను.

కిందటి నెల వ్యాసాలన్నీ పుస్తకంగా వచ్చాయి. పత్రిక సంపాదకుడు మొదటి ప్రతి పట్టుకుని ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చారు. అత్తగారు కూడా కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చున్నారు.

"మాస్టారూ, మీ చెవులకి ఇన్సూరెన్సు చేయించాలండీ, జనం ఎత్తుకుపోగలరు!" అన్నారు సంపాదకుడు.

నేను టీ కప్పులు బల్ల మీద పెట్టి, మావారికి ఎదురుగా వచ్చి నిలబడి, "చెవులకి ఇన్సూరెన్సట, విన్నారా!" అన్నాను. అప్పుడు మావారు నవ్వారు.

"మావాడికి చిన్నప్పట్నుంచీ అంతే బాబూ," అన్నారు అత్తగారు. "చీమ నడిచినా లేచి కూర్చునేవాడు. నాకే నిద్దర ఉండేది కాదు."

"ఒకటే లోటండీ," అన్నారు సంపాదకుడు. "తొమ్మిదో సింఫనీ ఆఖర్న, ఆ పలచబడే చివరి పేజీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? అందరూ దాని గురించే చచ్చిపోతారు కదా."

మావారు నా వైపు చూశారు. నేను పళ్ళెం కింద పెట్టి, "చివరి పేజీ సంగతి రాయలేదేమంటున్నారు," అన్నాను.

"అక్కడ నిశ్శబ్దమే కదండీ. నిశ్శబ్దం గురించి రాసేవాడు కవి అవుతాడు, నేను లెక్కల మాస్టారిని."

సంపాదకుడు తొడ మీద చరిచి నవ్వారు. తరవాత మర్యాదకి నా వైపు తిరిగారు. "మీరూ వింటారామ్మా ఇవన్నీ?"

నేను నోరు తెరిచేలోపు సంపాదకుడి మొహం నా వైపు తిరిగి ఉండటం చూసి, ప్రశ్న ఏమిటో మావారు ఊహించేసుకున్నారు. "తనా? తనకి మిక్సీ చప్పుడూ సింఫనీ ఒకటే. దుమ్ము మాత్రం బాగా తుడుస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వే అందరికన్నా కొంచెం ఎక్కువసేపు వినబడింది.

సంపాదకుడు వెళ్ళాక పుస్తకం తెరిచాను. ముందుమాటలో సంపాదకుడికి, పాఠకులకు, రికార్డులు పంపిన మిత్రులకు, ఈ చెవులను ప్రసాదించిన కన్నతల్లికి కృతజ్ఞతలున్నాయి. రెండుసార్లు చదివాను, కళ్ళు ఎక్కడైనా దాటేశాయేమోనని. గడపలో ఆగిన మనిషి నలభయ్యో పేజీలో ఉంది. పాలు పొంగే ముందు మెత్తగా ఉబ్బే మీగడ యాభయ్యారులో ఉంది. అన్నీ పెద్ద పెద్ద మాటల బట్టలు తొడుక్కుని, నన్ను ఎరగనట్టు ఉన్నాయి.

మర్నాడు కాఫీ ఇచ్చేటప్పుడు అడిగాను. "నా గురించి ఒక్క మాట రాయాల్సింది కదండీ ముందు పేజీలో."

ఆయనకి అర్థమైంది. కప్పు వైపు చూస్తూ, "సంసారంలో నీదీ నాదీ ఏముంటుంది చెప్పు?" అన్నారు.

నిజమే. అందుకే మీ పేరొక్కటే సరిపోయిందన్నమాట. పైకి అనలేదు. ఆయన అప్పటికే కప్పు కింద పెట్టి కొత్త సంగతి మొదలుపెట్టారు. "సంపాదకుడు పుస్తకంతో పాటు చీటీ ఇచ్చాడు, ఇంకో పుస్తకం కావాలట. ఒక్క తొమ్మిదో సింఫనీ మీదే. ఇంకా పదమూడు రికార్డులు పంపుతాడట. మొత్తం ముప్ఫై. చివరి పేజీ కూడా ఉండాలట. నువ్వు నోటుబుక్కు ఒకటి కొత్తది తీసుకో. రేపట్నుంచి కూర్చుందాం."

చివరి పేజీ కూడా. నేను ఇన్నేళ్ళూ అడిగింది అదే. ఇప్పుడు దాన్ని ముప్ఫైసార్లు, ముక్కలు చేసి, పెన్సిలు పట్టుకుని వినాలి. విని, అక్కడ నా లోపల ఏం జరిగిందో ఆయనకి అప్పజెప్పాలి. మిగతా అన్నీ ఇచ్చేశాను. ఇంకా ఎవరి చెయ్యీ పడని చోటు నాకు అదొక్కటే ఉంది, నేను కూడా ఇంతవరకు వెళ్ళని చోటు. దాన్నీ ఇచ్చేస్తే నాలో వెతుక్కోవడానికి ఇంకేమీ ఉండదు. ఇవ్వననడానికి నాకు ధైర్యం లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా కాదనని నోరు ఒక్క పూటలో ఎలా అంటుంది? నేను ఆయన ఎదురుగా వచ్చి, పెదవులు కనబడేలా నిలబడ్డాను.

"నాకు కూడా వినపడటం లేదండీ."

మా ఇంట్లో ఆ మాట అనడం అదే మొదటిసారి. చెవుల దాకా ఎర్రబడింది ఆయన మొహం.

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళయింది."

"డాక్టరుకి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

నేను వంటింట్లోకి వెళ్ళి చిక్కుళ్ళు ముందేసుకుని కూర్చున్నాను. ఆయన నమ్మలేదు. కాసేపటికి లేచి, తొమ్మిదో సింఫనీ తీసి, చివరి భాగం ఉన్న రికార్డు పెట్టారు. నేను లేకుండా ఆయన సూది దింపి ఎన్నాళ్ళయిందో, అది జారి గీరుకున్న చప్పుడు ఎముకల్లోకి దిగింది. నేను ఉలిక్కిపడలేదు. మోత పూర్తిగా పెంచారు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నా మొహానికి ఎదురుగా కూర్చున్నారు.

"ఏమిట్రా ఆ గోల, చెవులు పగిలిపోతున్నాయి!" అని అత్తగారు అరిచారు. గంట కొట్టారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నేను లేవలేదు. మావారి కళ్ళు నా మీదే ఉన్నాయి. నేనే అన్నాను కదా, వినపడదని. ఇకమీదట పక్కింట్లో రేడియో మోగినా తల తిప్పకూడదు. ఎవరైనా కూనిరాగం తీస్తే పెదవి కదపకూడదు. చచ్చేదాకా అంతే. ఆ మాట అనేటప్పుడే తెలుసు నాకు.

ఎప్పుడూ చెయ్యి లేచే చోటు వచ్చింది. ఆయనకి ఇక ఏమీ వినబడటం లేదని నాకు తెలుసు. కానీ ఆయన చూస్తున్నది రికార్డుని కాదు, నన్ను. చెయ్యి లేవలేదు. పాట ముందుకు వెళ్ళింది. నేనెప్పుడూ వెళ్ళనిచోటికి వెళ్ళింది. ఒక తీగ, తరవాత సగం తీగ, తరవాత దాని జ్ఞాపకం. దేనితోనైనా పోల్చుదామని చూశాను. నా వంటిల్లంతా వెతికాను. ఏదీ సరిపోలేదు. కాయ విరిచి, గింజలు గిన్నెలో వేసి, ఇంకో కాయ తీసుకున్నాను.

రికార్డు అయిపోయింది. ఆయనకి తెలియలేదు. నేను చెప్పలేదు.